వాటా అంకెల్లో రాయండి: జెనీవా చర్చల్లోని భారత ప్రతినిధులకు విజయవాడ నుంచి బహిరంగ లేఖ

విజయవాడ,
డిసెంబరు 2025.

గౌరవనీయులైన కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి, ఆ శాఖ అధికారులకు, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో మహమ్మారి ఒప్పందపు అనుబంధంపై చర్చలు జరుపుతున్న మన ప్రతినిధి బృందానికి,

నమస్కారం.

నేను విజయవాడలోని ఒక పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. టీకాలు దాచే ఫ్రిజ్ తాళం చెవి, దాని ఉష్ణోగ్రతల పుస్తకం నా దగ్గరే ఉండేవి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి థర్మామీటరు చూసి, 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉందని రాసి సంతకం చేయడం ఏళ్ల తరబడి నా పని. కోవిడ్ రెండో అల నాటి 2021 ఏప్రిల్, మే నెలల పేజీల్లో కూడా ఉష్ణోగ్రత సక్రమంగానే ఉంది. కానీ ఆ రోజుల్లో చాలాసార్లు ఫ్రిజ్ లోపల పెట్టడానికే ఏమీ లేదు. ఎందుకు లేదన్నది అప్పట్లో మాకు ఎవరూ చెప్పలేదు, చెప్పే తీరిక కూడా ఎవరికీ లేదు. రిటైరైన తరవాత, దొరికిన పత్రాలూ వార్తలూ ఓపిగ్గా చదువుకుంటూ పోతే, మా వీధి చివర ఉన్న ఆ ఫ్రిజ్ ఖాళీకి బ్రస్సెల్స్ కోర్టుకూ, వాషింగ్టన్ ఆంక్షలకూ, పూణె ఫ్యాక్టరీకీ, మీరిప్పుడు కూర్చుంటున్న జెనీవా సభామందిరాలకూ సంబంధం ఉందని తెలిసింది. అందుకే, తరవాతి మహమ్మారిలో ఎవరి వాటా ఎంతో ఆ ఒప్పందపు అనుబంధంలో అంకెల్లో రాయించమని కోరుతూ మీకు రాస్తున్నాను.

2021 జనవరి 12న పూణె నుంచి తొలి విడత కోవిషీల్డ్ టీకా గన్నవరంలో దిగినప్పుడు, 16న విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక పారిశుధ్య కార్మికురాలికి రాష్ట్రంలో మొదటి టీకా వేసినప్పుడు మేమంతా పండగ చేసుకున్నాం. మొదట్లో జనం రావడానికే వెనకాడారు. ఒక వయల్‌లో, అంటే చిన్న మందు సీసాలో, పది డోసులుంటాయి, మూత తీసిన 4 గంటల్లో వాడేయాలి. అందుకని పది మంది పోగయ్యేదాకా ఆగి, ఏ.ఎన్.ఎం.లు, ఆశా కార్యకర్తలు ఇళ్లకు ఫోన్లు చేసి బతిమాలి పిలిపించేవారు. రెండో అల విరుచుకుపడిన తరవాత, మేము బతిమాలిన వాళ్లే గేటు ముందు వరుస కట్టారు.

మే నెల మొదటి వారంలో ఒక రోజు గురించి చెప్పకుండా ఈ లేఖ ముందుకు సాగదు. మధ్యాహ్నం 12 నుంచి కర్ఫ్యూ పెట్టిన రోజులవి. పొద్దున 6 గంటలకే వరుస మొదలైంది. మాకు 10 వయల్స్ వచ్చాయి, అంటే 100 డోసులు. రెండో డోసు వాళ్లకే వేయమని ఆదేశం ఉండడంతో, వార్డు సచివాలయం సిబ్బంది ముందురోజే 100 టోకెన్లు ఇచ్చారు. 8 గంటలకు నాకొక ఫోను వచ్చింది. పలుకుబడి గల ఒకాయన తన వాళ్లకు పది డోసులు పక్కన పెట్టమన్నారు. కాదనే ధైర్యం నాకు లేకపోయింది. వాళ్లు వెనక తలుపు నుంచి వచ్చి వేయించుకుని వెళ్లారు. మా ఏ.ఎన్.ఎం. చేయి తిరిగిన మనిషి. వయల్‌లో కాస్త అదనంగా పోసి పంపుతారు కాబట్టి, చుక్క వృథా కాకుండా సిరంజిలోకి లాగి, ఆరు వయల్స్‌లో పదకొండో డోసు కూడా తీసింది. అలా పోయిన పదిలో ఆరు తిరిగొచ్చాయి. నాలుగు రాలేదు. 97 నుంచి 100 దాకా టోకెన్లు ఉన్నవాళ్లు మిగిలిపోయారు. 98వ టోకెన్ ఒక ముసలావిడది. మార్చిలో మొదటి డోసు వేయించుకుని, ఆ కార్డును ప్లాస్టిక్ కవరులో పెట్టి భద్రంగా తెచ్చుకుంది. "నా నంబరు నాకిచ్చారు కదా నాయనా, నా మందు ఎటు పోయింది?" అని అడిగింది. స్టాకు అయిపోయిందమ్మా అన్నాను. మరుసటి వారం ఆమె మళ్లీ వచ్చేసరికి, మే 13న కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య గడువును 12-16 వారాలకు పెంచారు. ఎడం పెరిగితే రక్షణ మెరుగన్న ఆధారాలు అప్పటికే ఉన్నాయి. కానీ మందు లేక గడువు పెంచారనే అనుమానాన్ని ఆ వరుసలో ఏ ఒక్కరి మనసులోంచీ నేను తొలగించలేకపోయాను. వాళ్ల దృష్టిలో నా మాటకు విలువ పోయింది ఆ గడువు వల్ల కాదు, అంతకు వారం ముందు వెనక తలుపు తీయడం వల్ల.

ఇది నా తప్పు, నేను మోస్తున్నాను. మీకు చెప్పడానికి కారణం, ఆ పది డోసుల లెక్క చేతనే నాకు ప్రపంచ పంపిణీ లెక్క అర్థమైంది. 2021 జనవరి 18న ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి టెడ్రోస్ ఒక మాట చెప్పారు. ఎక్కువ ఆదాయం గల 49 దేశాల్లో అప్పటికి 3.9 కోట్ల డోసులు వేశారు. అత్యల్ప ఆదాయం గల దేశాల్లో ఒకే ఒక్క దేశంలో వేశారు, అదీ 25 డోసులు. లక్షలూ కాదు, వేలూ కాదు, కేవలం ఇరవై అయిదు. అందరికీ న్యాయంగా పంచడానికని పెట్టుకున్న కోవాక్స్ 2021 చివరికల్లా 200 కోట్ల డోసులు అందించాలని లక్ష్యం పెట్టుకుంటే, మొదటి 100 కోట్ల డోసులు చేరేసరికే 2022 జనవరి సగం గడిచింది. టోకెన్లు అందరికీ ఇచ్చారు. వెనక తలుపు మాత్రం ముందే కొనుక్కున్నవాళ్లకు తెరిచే ఉంది.

అలా ముందే కొనుక్కున్నవాళ్లు సుఖంగా ఉన్నారా అంటే, వాళ్లూ కొట్టుకున్నారు. ఐరోపా సమాఖ్య 2020 ఆగస్టులో, మన కోవిషీల్డ్‌కు మూలమైన టీకా కంపెనీ ఆస్ట్రాజెనెకాతో 30 కోట్ల డోసులకు ఒప్పందం చేసుకుంది. 2021 జూన్ నెలాఖరుకు ఆ డోసులు వస్తాయని వాళ్లు లెక్కవేసుకుంటే, 10 కోట్లే ఇవ్వగలనని కంపెనీ చెప్పింది. ఒప్పందం తీసి చూస్తే అందులో ఉన్నది, సాధ్యమైనంత మేర సహేతుకమైన ప్రయత్నం చేస్తామన్న మాట. ప్రయత్నం చేశామని కంపెనీ, చేయలేదని సమాఖ్య. ఆ జనవరి నెలాఖరులో ఐరోపా ఎగుమతులపై అనుమతుల నిబంధన పెట్టింది. మార్చిలో ఆస్ట్రేలియాకు వెళ్లాల్సిన 2.5 లక్షల డోసులను ఇటలీ ఆపేసింది. ఏప్రిల్‌లో విషయం బ్రస్సెల్స్ కోర్టుకెక్కింది. జూన్ 18న ఇచ్చిన ఉత్తర్వులో న్యాయస్థానం చేసిన పని నాకు అన్నిటికంటే ఎక్కువగా నచ్చింది. ఎవరిది న్యాయమన్న చర్చతో సరిపెట్టకుండా, జులై 26కల్లా 1.5 కోట్లు, ఆగస్టు 23కల్లా 2 కోట్లు, సెప్టెంబరు 27కల్లా 1.5 కోట్లు ఇవ్వాలనీ, ఇవ్వకపోతే డోసుకు 10 యూరోల చొప్పున కట్టాలనీ చెప్పింది. అంకె, తేదీ, తప్పితే జరిమానా. మొదటి ఒప్పందంలోనే ఇవి స్పష్టంగా ఉండి ఉంటే, ఆ ఆరు నెలల రచ్చలో చాలా భాగం జరిగేది కాదు. రెండు పక్షాలూ గెలిచామనే చెప్పుకుని సెప్టెంబరు 3న రాజీపడ్డాయి.

అంత బలమైన కొనుగోలుదారుకే ఆ గతి పడితే, ఆంధ్రప్రదేశ్ లాంటి ఒక రాష్ట్రం సంగతి చెప్పేదేముంది? 2021 మే నెలలో మన రాష్ట్రం కోటి డోసులకు గ్లోబల్ టెండరు పిలిచింది. జూన్ మొదట్లో తెరిస్తే ఒక్క బిడ్డూ లేదు. ఆ మే నెలలోనే ఒకే కోవిషీల్డ్ వయల్‌కు మూడు ధరలు నడిచాయి: డోసు కేంద్రానికి 150 రూపాయలు, రాష్ట్రాలకు 300, ప్రైవేటు ఆసుపత్రులకు 600. రాష్ట్రాలు విడివిడిగా పోయి అడిగితే విదేశీ కంపెనీలు కేంద్రంతోనే మాట్లాడతామన్నాయి. సుప్రీంకోర్టు ఆ విధానాన్ని తప్పుపట్టింది, జూన్ 21 నుంచి 18 ఏళ్లు నిండిన వారందరికీ కేంద్రమే ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. దానికి ముందురోజు, జూన్ 20న, మన రాష్ట్రంలో ఒక్క రోజులోనే 13 లక్షలకు పైగా డోసులు వేశారు. వేసే చేతులు ఎప్పుడూ కొరవడలేదని దీన్నిబట్టే తెలుస్తుంది. కొరవడినది చేతికి అందాల్సిన మందు.

మందు తయారు కావడానికీ అడ్డంకులే. అమెరికా తన రక్షణ ఉత్పత్తి చట్టం కింద స్వదేశీ ఆర్డర్లకు మొదటి ప్రాధాన్యం ఇవ్వడంతో, టీకా తయారీ ట్యాంకులైన బయోరియాక్టర్లలో వాడే సంచులకూ ఫిల్టర్లకూ మన కంపెనీలు ఎదురుచూడవలసి వచ్చింది. 2021 ఏప్రిల్ 16న, పూణెలో కోవిషీల్డ్ తయారుచేసే సీరమ్ ఇన్‌స్టిట్యూట్ అధినేత అదర్ పూనావాలా నేరుగా అమెరికా అధ్యక్షుణ్ణే ట్విటర్‌లో అభ్యర్థించారు. ముడిసరుకు పంపుతామని అమెరికా చెప్పేసరికి మరో తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల్లో విజయవాడలో ఆక్సిజన్ పడకల కోసం జనం ఎన్ని గడపలు ఎక్కారో మా ఊళ్లో అందరికీ గుర్తుంది.

ఇంతవరకూ ఇతరుల గురించి రాశాను. మన గురించి కూడా రాయాలి, ఎందుకంటే జెనీవాలో ఎదుటివాళ్లు మొదట ఎత్తేది ఆ మాటే. జనవరి 20న భూటాన్, మాల్దీవులతో మొదలైన వ్యాక్సిన్ మైత్రి కింద మనం ఆరున్నర కోట్లకు పైగా డోసులు బయటికి పంపాం. కోవాక్స్ తొలి సరుకు ఫిబ్రవరి 24న ఘనాలో దిగినప్పుడు, ఆ 6 లక్షల డోసులూ పూణెలో తయారైనవే. నేను దాన్ని ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను. రెండో అలలో ఎగుమతులు ఆపేశాం. కోవాక్స్‌కు తిరిగి పంపేసరికి నవంబరు వచ్చింది. నేపాల్ 20 లక్షల డోసులు కొనుక్కుంటే 10 లక్షలే అందాయి. అక్కడ లక్షల మంది వృద్ధులు మన కోవిషీల్డ్ మొదటి డోసు వేయించుకుని, రెండోదాని కోసం నెలల తరబడి ఎదురుచూశారు. బంగ్లాదేశ్ 3 కోట్లకు ఒప్పందం చేసుకుంటే 70 లక్షల దగ్గర ఆగిపోయింది, ఏప్రిల్ చివర్లో వాళ్లు మొదటి డోసులు వేయడమే మానేశారు. మన శవాల వరుస చూసినవాణ్ణి కాబట్టి, ఆ రోజు ఆపకూడదని నేను అనలేను. కానీ ఎంత ఆపుతామో, ఎప్పుడు తిరిగి ఇస్తామో వాళ్లకు చెప్పకుండా ఆపాం. ఖాట్మండులో కార్డు పట్టుకుని నిలబడిన ప్రతి ముసలావిడకూ నేను చెప్పిన జవాబే దక్కింది.

మా కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్లకు ఈ తగవు కొత్త కాదు. వానలు బాగా పడిన ఏడు ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తి సముద్రంలోకి వదిలేస్తుంటే, ఎగువ దిగువ అని ఎవరూ అనరు. నీళ్లు తగ్గిన ఏడు ఎగువనున్నవాడు గేటు దించుతాడు, శివారు భూములు ఎండుతాయి. బచావత్ ట్రిబ్యునల్ ఏ రాష్ట్రానికెన్ని టీఎంసీలో అంకెల్లో రాసింది: మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800. అంతటితో గొడవలు తీరిపోయాయని ఎవరూ అనరు, కానీ అడగడానికొక కాగితం ఉంది. ఎగువ రాష్ట్రం "సాధ్యమైనంత ప్రయత్నం చేసి వదులుతాం" అంటే మా శివారు రైతు ఒప్పుకుంటాడా? టీకా విషయంలో మనం ఒకప్పుడు దిగువ, ఇంకొకప్పుడు ఎగువ. రెండు వైపులా నిలబడిన దేశం కాబట్టే, ఈ చర్చల్లో మన మాటకు మిగతావారికంటే ఎక్కువ బరువు ఉండాలి.

2025 మే 20న ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించిన మహమ్మారి ఒప్పందంలో ఒక మంచి అంకె ఉంది. మహమ్మారి వచ్చినప్పుడు, క్రిముల నమూనాలూ వాటి ప్రతిఫలమూ పంచుకునే ఏర్పాటులో చేరిన తయారీదారులు తాము తయారుచేసే టీకాల్లో, మందుల్లో, పరీక్షా పరికరాల్లో 20 శాతం ఎప్పటికప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థకు అందుబాటులో ఉంచాలన్న లక్ష్యం, అందులో కనీసం 10 శాతం ఉచితంగా, మిగిలింది అందుబాటు ధరకు. కానీ క్రిముల నమూనాలను ఎవరు ఎలా పంచుకోవాలి, ప్రతిఫలంగా ఎవరికి ఏమి దక్కాలి అన్నది తేల్చే అనుబంధం మీ చేతుల్లో ఉంది. అది కుదిరితేనే ఒప్పందం సంతకాలకు వస్తుంది, ఆపైన 60 దేశాలు ఆమోదిస్తేనే అమల్లోకి వస్తుంది.

నమూనాలిచ్చేవాడికి ఎందుకు దక్కాలి అన్న ప్రశ్నకు జవాబు చరిత్రలోనే ఉంది. బర్డ్ ఫ్లూ రోజుల్లో ఇండొనేసియా తన రోగుల నుంచి తీసిన వైరస్ నమూనాలను పంపింది. వాటి ఆధారంగా విదేశీ కంపెనీ తయారుచేసే టీకాను తన ప్రజలు కొనుక్కోలేరని గ్రహించి, 2007 ఆరంభంలో ఆ దేశం నమూనాలు పంచుకోవడం ఆపేసింది. ఆ పట్టుదల వల్లే 2011లో ఫ్లూ వైరస్ నమూనాలకూ టీకాలకూ సంబంధించిన పంపకపు ఏర్పాటు వచ్చింది. దక్షిణాఫ్రికా అందుకు భిన్నంగా, 2021 నవంబరులో ఒమిక్రాన్‌ను గుర్తించిన వెంటనే ప్రపంచానికి చెప్పింది. ఆ దేశానికి దక్కిన ప్రతిఫలం ప్రయాణ నిషేధాలు. అదే దేశం అదే ఏడాది మొదట్లో ఆస్ట్రాజెనెకా టీకాను డోసు 5.25 డాలర్లకు కొంది. ఐరోపాకు అది 2 డాలర్ల పైచిలుకుకే దొరికింది. పేదవాడి దగ్గర ఎక్కువ తీసుకునే ఈ బేరాన్ని ఏ సంతలోనూ ఎవరూ సమర్థించరు.

కాబట్టి అనుబంధంలో 20 శాతాన్ని లక్ష్యంగా వదిలేయకుండా, నమూనాలు గానీ వాటి జన్యుక్రమ సమాచారం గానీ వాడుకునే ప్రతి కంపెనీ ముందే సంతకం చేయవలసిన ఒప్పందంగా మార్చమని కోరుతున్నాను. అందులో ఏ నెలకు ఎన్ని డోసులో, ఆలస్యమైతే డోసుకు ఎంత కట్టాలో ఉండాలి. బ్రస్సెల్స్ న్యాయమూర్తి ఒక్క ఉత్తర్వులో రాయగలిగిన వాక్యాన్ని ఇన్ని దేశాల న్యాయనిపుణులు కలిసి రాయలేకపోరు. గడువు దగ్గరపడిన సరుకును దానం పేరుతో వాటాలో లెక్కవేయకూడదు. 2021 డిసెంబరులో నైజీరియా పది లక్షలకు పైగా ఆస్ట్రాజెనెకా డోసులను కాలం తీరిపోయినందున ధ్వంసం చేయవలసి వచ్చింది. పదకొండో డోసు కోసం సిరంజి పైకెత్తి వెలుతురులో చూసిన మా ఏ.ఎన్.ఎం. ఆ వార్త విని చాలాసేపు మాట్లాడలేదు.

దీంతోపాటు మన దేశం తనంతట తానుగా ఒక మాట ఇవ్వాలని నా కోరిక. దేశంలో విపత్తు ముదిరి ఎగుమతులు తగ్గించవలసి వస్తే, ఎంత భాగం ఎట్టి పరిస్థితిలోనూ ఆపబోమో, ఆపినది ఎన్ని వారాల్లో తిరిగి మొదలుపెడతామో ఇప్పుడే, ప్రశాంతంగా ఉన్నప్పుడే రాసిపెట్టండి. ఆ మాట ఇచ్చిన రోజున ఇతరులను అడిగే హక్కు మనకు గట్టిపడుతుంది.

తయారీ పరిజ్ఞానం విషయంలో ఒప్పందం పరస్పర అంగీకారంతో బదిలీ అని రాసి ఊరుకుంది. ఆ మాట నాకు ఆస్ట్రాజెనెకా ఒప్పందంలోని "సహేతుకమైన ప్రయత్నా"న్నే గుర్తుచేస్తోంది. 2020 అక్టోబరు 2న భారత్, దక్షిణాఫ్రికా కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో మేధోహక్కుల సడలింపు కోరాయి. 20 నెలలు గడిచి, 2022 జూన్ 17న వచ్చిన నిర్ణయం టీకాల పేటెంట్లకే పరిమితమైంది. మందులు, పరీక్షా పరికరాలు మిగిలిపోయాయి. పైగా పేటెంటు ఒక్కటే అడ్డు కాదు. కోవిడ్ ఉన్నంతకాలం తన పేటెంట్లను అమలుచేయబోనని మోడెర్నా 2020లోనే ప్రకటించింది, కానీ ఎలా తయారుచేయాలో తన కోసం తయారుచేసే కంపెనీలకు తప్ప ఇతరులకు నేర్పలేదు. నేర్పితే ఏమవుతుందో చూడడానికి హైదరాబాదు దాకా వెళ్తే చాలు. టెక్సాస్‌లోని పరిశోధకులు తమ టీకా రూపకల్పనను పేటెంటు లేకుండా ఇస్తే, బయొలాజికల్-ఇ సంస్థ దాన్ని కార్బెవాక్స్‌గా తయారుచేసింది. 2022 మార్చి 16 నుంచి మన 12 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వేసింది అదే. ప్రజాధనంతో పుట్టిన పరిజ్ఞానం మహమ్మారి ప్రకటించిన రోజు నుంచి బదిలీ కావడం షరతుగా ఉండాలని మన బృందం పట్టుబట్టాలి. మన సొంత ప్రభుత్వ పరిశోధనా మండలి పాలుపంచుకున్న టీకాలకూ అదే షరతు వర్తింపజేయాలి.

సర్టిఫికెట్ల గొడవను కూడా మరిచిపోవద్దని ఒక్క మాట. ఆస్ట్రాజెనెకా టీకానే పూణెలో తయారై కోవిషీల్డ్ అన్న పేరు పెట్టుకున్నందుకు, 2021 జులైలో, టీకా వేయించుకున్న ప్రయాణికుల కోసం ఐరోపా పెట్టిన పాసులో దానికి చోటు దక్కలేదు. అక్టోబరులో బ్రిటన్ క్వారంటైన్ అంటే మనమూ వాళ్ల ప్రయాణికులకు క్వారంటైన్ పెట్టాం, అక్టోబరు 11న గానీ బ్రిటన్ దాన్ని ఎత్తేయలేదు. ఆ ఏడాది విదేశీ చదువులకు బయలుదేరిన గుంటూరు, విజయవాడ పిల్లలెందరో ఆ నెలల్లో మా కేంద్రానికి వచ్చి, ఈ కార్డు అక్కడ చెల్లుతుందా అని అడిగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన టీకాను అన్ని దేశాలూ గుర్తించాలన్న ఒక్క వాక్యం రాయించండి.

ఈ లేఖకు నాకు జవాబు రానక్కర్లేదు. వాటా గురించి, గడువు గురించి, జరిమానా గురించి మన దేశం ప్రతిపాదించిన వాక్యాలను తెలుగుతో సహా భారతీయ భాషల్లో ప్రజల ముందు పెడితే చాలు. వాటిని ప్రింటు తీసి, నేను పనిచేసిన కేంద్రానికి తీసుకెళ్లి, ఇప్పటికీ ఆ ఫ్రిజ్ పక్కనే కూర్చుంటున్న ఏ.ఎన్.ఎం.లకు నేనే చదివి వినిపిస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఫార్మసిస్టు,
విజయవాడ.